మైనస్ 8కి మూడు ఘనమూలాలు, లైబ్రరీ ఇచ్చేది ఒక్కటే

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం సంకీర్ణ సంఖ్యల మీదే కావడంతో శీర్షిక మొత్తం వాటికే ఇచ్చేశాను. మామూలు వాస్తవ సంఖ్యకు, మైనస్ 1 వర్గమూలానికి ఏదో ఒక రెట్టు అయిన కల్పిత భాగాన్ని కలిపితే వచ్చేదే సంకీర్ణ సంఖ్య. మిగతావాళ్లు ఒక నెల ఓపిక పట్టండి. కొత్త పాఠకులకు నా సంగతి ఒక్క మాటలో చెబుతాను: నేను గణితవేత్తను కాను. తిరిగే యంత్రాల కంపనాలను కొలిచి, ఆ కొలతలను కంప్యూటర్‌తో విశ్లేషించే పనిలో ముప్పై ఏళ్లు గడిపినదాన్ని. ప్రోగ్రామింగ్ భాషల్లో ఫోర్ట్రాన్‌తో మొదలుపెట్టి, సీ, సీ ప్లస్ ప్లస్ మీదుగా పైథాన్‌కు చేరాను. సంకీర్ణ సంఖ్యలు నాకు రోజూ చేతిలో ఉండే పనిముట్లు. పనిముట్టు అన్నాక అప్పుడప్పుడు చెయ్యి కోసుకుంటుంది కదా, ఆ గాయాల్లో ఒకదాని గురించి కింద ఒప్పుకుంటాను.

ప్రశ్న: పుస్తకాల్లో కల్పిత ప్రమాణానికి, అంటే మైనస్ 1 వర్గమూలానికి, ‘ఐ’ అని ఉంటుంది. పైథాన్ ‘జె’ కావాలంటుంది. సరేనని ‘2 + జె’ అని రాస్తే ఆ పేరుతో ఏమీ లేదని ఎర్రర్ ఇస్తుంది. ఇదేం పద్ధతి మేడమ్?

జవాబు: విద్యుత్తు చదువుకున్నవాళ్లను అడగండి. వాళ్లకు ‘ఐ’ అంటే కరెంటు. అందుకని ఎప్పటినుంచో కల్పిత ప్రమాణానికి ‘జె’ వాడుతున్నారు, పైథాన్ వాళ్ల పక్షం చేరింది. ఇక ఎర్రర్ సంగతి. ‘జె’ ఒంటరిగా ఉంటే అది మామూలు వేరియబుల్ పేరు. ముందు అంకె ఉండాలి. ‘2 + 1జె’ అని రాయండి, సరిపోతుంది. అదే సంఖ్యను ఫైలు నుంచి అక్షరాల వరుసగా చదివి ‘కాంప్లెక్స్’కు అందించేటప్పుడు మాత్రం కూడిక గుర్తుకు అటూ ఇటూ ఖాళీ ఉండకూడదు. ఉంటే వాల్యూ ఎర్రర్ వస్తుంది. కోడ్‌లో చెల్లే ఖాళీ ఇక్కడ ఎందుకు చెల్లదని నన్ను నిలదీయకండి, నాకూ అది చిరాకే.

ప్రశ్న: మైనస్ 8కి ఘనమూలం మైనస్ 2 అని ఎనిమిదో తరగతి పిల్లలకు కూడా తెలుసు. పైథాన్‌లో మైనస్ 8ని కుండలీకరణాల్లో పెట్టి, మూడో వంతు ఘాతానికి హెచ్చిస్తే 1 + 1.732జె వస్తోంది. నా మిత్రుడు అదే లెక్క చేస్తే సరిగ్గా మైనస్ 2 వచ్చింది. నా ఇన్‌స్టలేషన్ పాడైందా?

జవాబు: మీ ఇన్‌స్టలేషన్ బాగానే ఉంది. మీ మిత్రుడు కుండలీకరణాలు మరచిపోయి ఉంటారు. పైథాన్‌లో ఘాతం గుర్తు మైనస్ కంటే బలమైనది. కుండలీకరణాలు లేకపోతే ముందు 8కి ఘనమూలం తీసి, వచ్చిన 2 ముందు మైనస్ తగిలిస్తుంది. ఆయన అడిగిన ప్రశ్న వేరు, జవాబు యాదృచ్ఛికంగా ఆయనకు నచ్చినట్టు వచ్చింది. అదే వర్గమూలం అయి ఉంటే, మైనస్ 4కి జవాబు మైనస్ 2 అని నమ్మి ముందుకు వెళ్లిపోయేవారు.

ఇప్పుడు మీ జవాబుకు వద్దాం. 1 + 1.732జెని మూడుసార్లు గుణించి చూడండి. చివరి అంకెల్లో పిసరంత తేడాతో మైనస్ 8 వస్తుంది. కాబట్టి అదీ ఘనమూలమే. మైనస్ 8కి మూడు ఘనమూలాలున్నాయి: మైనస్ 2, 1 + 1.732జె, 1 − 1.732జె. ఫంక్షన్ ఒక్క జవాబే ఇవ్వగలదు గనక, మూడింట్లో ఒకదాన్ని ఎంచుకోవాలి. ఎంపిక ఎలా చేస్తుందంటే: సంఖ్యను ఒక బాణంలా ఊహించండి. మైనస్ 8 అంటే 8 పొడవున్న బాణం ఎడమవైపు, అంటే 180 డిగ్రీల కోణంలో ఉంది. ఘనమూలం కావాలంటే పొడవుకు ఘనమూలం తీసి, కోణాన్ని మూడుతో భాగించాలి. పొడవు 2, కోణం 60 డిగ్రీలు. అదే మీకు వచ్చిన సంఖ్య. దీన్నే ప్రధాన విలువ అంటారు. మిగిలిన రెండూ కావాలంటే ఆ బాణాన్ని 120 డిగ్రీల చొప్పున తిప్పుకోవాలి. మొదటి మలుపులోనే మీ మైనస్ 2 దొరుకుతుంది.

లైబ్రరీలు, అంటే సిద్ధంగా రాసిపెట్టిన ఫంక్షన్ల సంచులు, అన్నీ ఇలాగే చేస్తాయా అంటే, లేదు. పైథాన్ 2లో ఇదే లెక్కకు ఎర్రర్ వచ్చేది. సీ భాషలో మామూలు ‘పవ్’ ఫంక్షన్, అలాగే నంపైలో (పైథాన్‌లో సంఖ్యల పట్టీలతో లెక్కలు చేసే లైబ్రరీ) వాస్తవ సంఖ్యల అర్రే, అంటే పట్టీ, ‘సంఖ్య కాదు’ అనే నాన్ విలువను చేతిలో పెడతాయి. మీకు వాస్తవ మూలమే కావాలంటే ‘మ్యాథ్’ మాడ్యూల్లో ‘సీబీఆర్‌టీ’ అనే ఫంక్షన్ ఉంది, పైథాన్ 3.11లో వచ్చింది. అది మైనస్ 2 ఇస్తుంది. ప్రశ్నను బట్టి ఫంక్షన్‌ను ఎంచుకోవాలి గానీ, ఫంక్షన్ మన మనసులో ఉన్నది కనిపెట్టి చెప్పాలని చూస్తే ఎలా?

ఈ ఘనమూలాలతో నాకు ఇష్టమైన లెక్క ఒకటుంది. 1572లో ఇటలీకి చెందిన గణితవేత్త బొంబెల్లి, ‘ఎక్స్ ఘనం = 15 ఎక్స్ + 4’ అనే సమీకరణాన్ని అప్పటికి తెలిసిన సూత్రంతో సాధించాడు. జవాబు 4 అని చూడగానే తెలుస్తుంది. సూత్రం మాత్రం మైనస్ 121 వర్గమూలం గుండా వెళ్లమంటుంది. అంటే మన భాషలో 2 + 11జె ఘనమూలం, 2 − 11జె ఘనమూలం, ఈ రెండింటినీ కూడమంటుంది. ఆయన భయపడకుండా మొదటిది 2 + 1జె అనీ, రెండోది 2 − 1జె అనీ కనుక్కున్నాడు. కూడితే కల్పిత భాగాలు కొట్టుకుపోయి 4 మిగిలింది. ఇప్పుడు పైథాన్‌లో ఒక్క పంక్తి రాసి చూడండి, ప్రధాన విలువలే సరిగ్గా అవే అవుతాయి. కానీ దీన్ని చూసి మురిసిపోయి ప్రతి ఘన సమీకరణానికీ రెండు ఘనమూలాలను విడివిడిగా తీసి కూడేయకండి. ఒకే వాస్తవ మూలం ఉన్న సమీకరణాల్లో లైబ్రరీ ఎంచిన జంట కలవకపోవచ్చు. ఆ రెండు ఘనమూలాల లబ్ధం ఎప్పుడూ ఎక్స్ గుణకంలో మూడో వంతు కావాలి. ఇక్కడ 15లో మూడో వంతు 5, సరిపోయింది. కాబట్టి మొదటిది లైబ్రరీతో తీయండి, రెండోది ఈ లబ్ధాన్ని మొదటిదానితో భాగించి తెచ్చుకోండి. జంట తప్పిపోదు.

ఇదే ఊపులో ఇంకో హెచ్చరిక. బడిలో నేర్చుకున్న ‘వర్గమూలాల లబ్ధం, లబ్ధానికి వర్గమూలం’ అనే సూత్రం ఇక్కడ చెల్లదు. మైనస్ 2, మైనస్ 3ల వర్గమూలాలను పైథాన్‌లో సంకీర్ణ సంఖ్యల మాడ్యూల్ అయిన ‘సీమ్యాథ్’తో తీసి గుణిస్తే మైనస్ 2.449 వస్తుంది. లబ్ధమైన 6కి వర్గమూలం తీస్తే ప్లస్ 2.449. సంవర్గమానాలదీ అదే కథ. మైనస్ 1 సంవర్గమానం ‘పై’ (3.14159...) రెట్ల 1జె. రెండుసార్లు కూడితే రెండు పై రెట్ల 1జె అవుతుంది. మైనస్ 1ని మైనస్ 1తో గుణిస్తే వచ్చే 1 సంవర్గమానం మాత్రం సున్నా.

ప్రశ్న: ఎక్స్‌పొనెన్షియల్‌కు పై రెట్ల 1జె ఇస్తే కచ్చితంగా మైనస్ 1 రావాలి. ఆయిలర్ సూత్రం అదే కదా. నాకు వెంట ఒక చిన్న కల్పిత భాగం కూడా వస్తోంది. ఎలా తీసేయాలి?

జవాబు: తీసేయవద్దు. మీరు ఇచ్చింది అసలు పై కాదు, 16 అంకెల దగ్గర కత్తిరించిన పై. ఆ కత్తిరింపు ఎంతో ఫంక్షన్ నిజాయతీగా చెప్పింది: దశాంశ బిందువు తర్వాత 15 సున్నాలు, ఆపైన 122. సమానమా కాదా అని చూడాలంటే ‘సీమ్యాథ్’లో ‘ఈజ్‌క్లోజ్’ ఉంది. సున్నాతో పోల్చేటప్పుడు మాత్రం దానికి ఎంత తేడాను పట్టించుకోకూడదో చెప్పే ‘యాబ్స్ టాల్’ విలువను మీరే ఇవ్వాలి, లేకపోతే సున్నాకు సున్నా తప్ప ఏదీ దగ్గర కాదని అంటుంది.

ప్రశ్న: నా ప్రోగ్రాములో ఒకే సంఖ్యకు, మైనస్ 4కి, ఒకచోట వర్గమూలం 2జె, మరోచోట మైనస్ 2జె వస్తోంది. రెండు సంఖ్యలనూ ‘సమానమా’ అని అడిగితే అవును అంటోంది. సమానమైన వాటికి వేర్వేరు జవాబులు ఇచ్చేదాన్ని ఫంక్షన్ అని ఎలా అంటారు? రెండు రాత్రులు నిద్ర లేదు.

జవాబు: ఈ నెల నాకు బాగా నచ్చిన ఉత్తరం ఇది. మీరు జతపరిచిన కోడ్ చూశాను. రెండో చోట మైనస్ 4 నేరుగా రాలేదు, సంయుగ్మం తీసే ‘కాంజుగేట్’ గుండా వచ్చింది. సంయుగ్మం అంటే కల్పిత భాగం గుర్తు మార్చడమే. మీ కల్పిత భాగం సున్నా. గుర్తు మారితే మైనస్ సున్నా అయింది.

నవ్వకండి. కంప్యూటర్‌లో నిజంగానే రెండు సున్నాలు ఉన్నాయి. కంప్యూటర్లు దశాంశ సంఖ్యలను ఎలా దాచాలో చెప్పే, 1985లో వచ్చిన ఐట్రిపుల్‌ఈ 754 ప్రమాణంలో గుర్తుకు ఒక బిట్ విడిగా ఉంటుంది, సున్నాకు కూడా అది ఉంటుంది. రెండు సున్నాలూ సమానమని పోలిక చెబుతుంది, అందుకే మీకు ‘అవును’ అని వచ్చింది. కానీ అవి ఒకటి కావు.

ఈ రెండో సున్నా ఎందుకంటారా? మళ్లీ బాణం దగ్గరికి రండి. కుడివైపు సున్నా డిగ్రీల నుంచి మొదలుపెట్టి పైనుంచి తిప్పుకుంటూ ఎడమవైపుకు వస్తే 180. కింది నుంచి తిప్పుకుంటూ వస్తే మైనస్ 180. రెండు దారులూ ఎడమవైపు గీత మీద కలుస్తాయి, కానీ కోణాల విలువలు కలవవు. వర్గమూలం తీస్తే కోణం సగమవుతుంది గనక పైదారిన వచ్చినవాడికి 90 డిగ్రీలు, అంటే 2జె. కింది దారిన వచ్చినవాడికి మైనస్ 90, అంటే మైనస్ 2జె. ఎడమవైపు ఉన్న ఈ తెగిన గీతనే బ్రాంచ్ కట్ అంటారు. సరిగ్గా గీత మీదే నిలబడిన సంఖ్య ఏ ఒడ్డుకు చెందుతుంది? సున్నా గుర్తు చూసి లైబ్రరీ చెబుతుంది. ప్లస్ సున్నా అయితే పై ఒడ్డు, మైనస్ సున్నా అయితే కింది ఒడ్డు. దీని వెనక ఉన్న వాదనను 1987లో విలియం కహాన్ వివరంగా రాశాడు. ఐట్రిపుల్‌ఈ ప్రమాణాన్ని తీర్చిదిద్దినవారిలో ముఖ్యుడాయన, 1989లో కంప్యూటర్ శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారం అందుకున్నాడు. గీతకు రెండు ఒడ్డులా పని చేసేవాళ్లకు, ద్రవ ప్రవాహాల లెక్కల వంటి వాటిలో, ఆ చిన్న గుర్తు లేకపోతే ఒక ఒడ్డు ఫలితాలన్నీ తలకిందులవుతాయి. మీకు బెడదగా కనిపించింది వాళ్లకు ప్రాణం.

మీకు మాత్రం అది అక్కర్లేదు. మీ లెక్కలో అన్నీ పై ఒడ్డునే ఉండాలి. వర్గమూలం తీసే ముందు కల్పిత భాగానికి 0.0 కలపండి. మైనస్ సున్నాకు ప్లస్ సున్నా కలిస్తే ప్లస్ సున్నా అవుతుంది, మిగతా ఏ సంఖ్యా మారదు. ఆ ఒక్క కూడిక పక్కన ఎందుకు చేశారో వ్యాఖ్య కూడా రాయండి. లేకపోతే ఆరు నెలల తర్వాత ఎవరో ఒకరు ‘సున్నా కలపడం దండగ’ అని తీసేస్తారు. ఆ ఎవరో మీరే కావచ్చు.

ప్రయోగం చేసి చూడాలనుకునేవాళ్లు జాగ్రత్త. ‘−4 − 0జె’ అని టైపు చేస్తే మైనస్ సున్నా వస్తుందని అనుకుంటారు. పైథాన్ చాలా ఏళ్లపాటు మైనస్ 4ను ముందు సంకీర్ణ సంఖ్యగా మార్చి, దాని ప్లస్ సున్నా లోంచి సున్నా తీసేసి, మళ్లీ ప్లస్ సున్నానే ఇచ్చేది. 3.14 వెర్షన్‌లో ఈ నియమం మారింది. ఏ వెర్షన్‌లోనైనా నమ్మదగినది ‘కాంప్లెక్స్’ ఫంక్షన్‌కు రెండు భాగాలనూ విడిగా ఇవ్వడమే. సీ భాషవాళ్లకూ ఇదే చిక్కు ఉండేది, అందుకే సీ11లో ‘సీఎంపీఎల్‌ఎక్స్’ అనే మాక్రో చేర్చారు. సున్నా ఏ రకమో తెలుసుకోవాలంటే పోలిక పనికిరాదు, ఒక సంఖ్య గుర్తును మరో సంఖ్యకు తగిలించే, ‘మ్యాథ్’లోని ‘కాపీసైన్’ వాడండి.

ప్రశ్న: సెన్సర్ నుంచి వచ్చే సంకేతాల కోణాలను ‘సీమ్యాథ్ ఫేజ్’తో తీసి సగటు చేస్తున్నాను. కళ్లకు కనిపించే దానికీ సగటుకూ పొంతన లేదు.

జవాబు: ఇదిగో, నేను ఒప్పుకుంటానన్న గాయం ఇదే. తిరిగే షాఫ్టు ఒకటి అతిగా కంపిస్తుంటే దాన్ని సమతూకం చేసే పని నాకు అప్పగించారు. కంపనం ఏ కోణంలో గరిష్ఠమవుతోందో పలుమార్లు కొలిచి, సగటు తీసి, దానికి ఎదురుగా చిన్న బరువు బిగించాలి. కొలతలు 178, మైనస్ 179, 179, మైనస్ 178 ఇలా వచ్చాయి. నా ప్రోగ్రాము సగటు సున్నా డిగ్రీలు అంది. బరువు బిగించాం, యంత్రం ఇంకా ఎక్కువ ఊగింది. సెన్సర్ మార్చాం. తీగలు మార్చాం. బేరింగుల్ని అనుమానించాం. మూడు రోజులు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఏమిటో అప్పుడు అర్థమైంది. కొలతలన్నీ 180కి అటూ ఇటూ రెండు డిగ్రీల్లోనే ఉన్నాయి. వాటి నడిమి విలువ 180. కూడి నాలుగుతో భాగిస్తే సున్నా. బరువును సరిగ్గా తప్పు పక్కన బిగించాను. ప్రోగ్రాము నేనే రాశాను కాబట్టి తిట్టడానికి కూడా ఎవరూ దొరకలేదు.

కోణాలు గడియారం అంకెల్లాంటివి, వాటిని సగటు చేయకూడదు. బాణాల్ని కూడాలి. ప్రతి కోణాన్నీ ‘సీమ్యాథ్ రెక్ట్’తో, పొడవు 1గా పెట్టి, సంకీర్ణ సంఖ్యగా మార్చండి. అన్నీ కూడండి. మొత్తానికి ‘ఫేజ్’ తీయండి. అదే అసలు సగటు దిశ. అసలు మీ దగ్గర సంకేతం సంకీర్ణ సంఖ్యగానే ఉంటే కోణంగా మార్చడం దేనికి, వాటినే కూడండి. బలమైన కొలతకు ఎక్కువ విలువ దానంతట అదే దక్కుతుంది. పైగా ఇంకో లాభం ఉంది. పొడవు 1గా ఉన్న బాణాల మొత్తాన్ని వాటి సంఖ్యతో భాగిస్తే వచ్చే పొడవు 1కి దగ్గరగా ఉంటే కొలతలు ఒకదానితో ఒకటి ఏకీభవిస్తున్నట్టు. సున్నాకు దగ్గరగా ఉంటే అవి నలుదిక్కులా చెదిరి ఉన్నాయి, ఆ సగటు కోణానికి అర్థం లేదు. ఆ రోజు ఈ సంఖ్యను ముద్రించి ఉంటే మూడు రోజులు మిగిలేవి.

‘ఫేజ్’ ఇచ్చేది రేడియన్లలో. ‘రెక్ట్’ తీసుకునేదీ రేడియన్లలోనే. నంపైలోని ‘యాంగిల్’కు మాత్రం డిగ్రీలు కావాలని చెప్పే వెసులుబాటు ఉంది. ఇక కోణం కాలంతో పాటు పెరుగుతూ పోయే సంకేతమైతే, 180 దగ్గర గోడకు కొట్టుకుని మైనస్ 180కి పడిపోతూ రంపపు పళ్లలా కనిపిస్తుంది. దాన్ని సాఫీ చేయడానికి నంపైలో ‘అన్‌ర్యాప్’ ఉంది. పక్కపక్క నమూనాల మధ్య అసలు కోణం సగం చుట్టు కంటే తక్కువే మారుతుందన్న నమ్మకం మీద అది పని చేస్తుంది. నమూనాలు పలచగా తీసుకుంటే అది కూడా మోసపోతుంది.

ప్రశ్న: సీ ప్లస్ ప్లస్‌లో 3, 4 భాగాలున్న సంఖ్యకు ‘నార్మ్’ అడిగితే 25 వస్తోంది. 5 కదా రావాలి?

జవాబు: పేరు పెట్టినవాళ్ల పుణ్యం. అక్కడ ‘నార్మ్’ అంటే పొడవు వర్గం. పొడవు కావాలంటే ‘ఏబీఎస్’ వాడాలి. సీ భాషలో మళ్లీ తిరకాసు: అక్కడ ‘ఏబీఎస్’ పూర్ణాంకాలది, సంకీర్ణ సంఖ్యను ఇస్తే కల్పిత భాగాన్ని పారేసి 3 అంటుంది. అక్కడ వాడాల్సింది ‘సీఏబీఎస్’. నంపైలోని ‘లినాల్గ్ నార్మ్’ మాత్రం మామూలు పొడవే ఇస్తుంది, 5. అయినా సీ ప్లస్ ప్లస్ ‘నార్మ్’ను తిట్టకండి. ఒక సంకీర్ణ సంఖ్యను పదేపదే వర్గం చేసి కూడుతూ గీసే మాండెల్‌బ్రాట్ బొమ్మ గీసేటప్పుడు, పొడవు 2 దాటిందా అని అడగడం కంటే వర్గం 4 దాటిందా అని అడిగితే ప్రతి అడుగులో ఒక వర్గమూలం మిగులుతుంది. లక్షల చుక్కల మీద అది తక్కువేమీ కాదు.

ప్రశ్న: లైబ్రరీ మీద ఆధారపడకుండా సంకీర్ణ సంఖ్యల భాగహారం, పొడవు సొంతంగా రాసుకున్నాను. నాలుగు పంక్తులే కదా. చాలావరకు బాగానే ఉంది, అప్పుడప్పుడు అనంతం వస్తోంది.

జవాబు: మీ పొడవు ఫంక్షన్ వాస్తవ భాగం వర్గం, కల్పిత భాగం వర్గం కూడి వర్గమూలం తీస్తోంది. కాగితం మీద అంతే. యంత్రంలో దశాంశ సంఖ్యలను దాచే డబుల్ అనే రకం దాదాపు పదికి 308 ఘాతానికి 1.8 రెట్ల వరకే మోయగలదు. మీ భాగాలు పదికి 200 ఘాతం దగ్గర ఉంటే, జవాబు కూడా అక్కడే ఉన్నా, మధ్యలో వర్గం పదికి 400 దాటి పగిలిపోతుంది. చిన్న సంఖ్యలకు దీనికి తిరగబడి జరుగుతుంది: పదికి మైనస్ 200 ఉన్నదాని వర్గం సున్నాలో మునిగిపోయి, పొడవు సున్నా అని వస్తుంది. అనంతం వస్తే కనీసం తెలుస్తుంది, సున్నా వస్తే ఎవరికీ తెలియదు. ‘హైపాట్’ వంటి ఫంక్షన్ ఈ రెండు గుంతలూ తప్పించేలా లెక్కను ముందే కుదించి చేస్తుంది.

భాగహారంలోనూ అంతే. హారంలో రెండు వర్గాల మొత్తం ఉంటుంది, అదే పగులుతుంది. 1962లో రాబర్ట్ స్మిత్ ఒక సులువైన ఉపాయం ప్రచురించాడు. హారంలోని రెండు భాగాల్లో పెద్దదానితో చిన్నదాన్ని ముందే భాగించి, ఆ నిష్పత్తితో మిగతా లెక్క చేయాలి. నిష్పత్తి ఎప్పుడూ 1 దాటదు గనక పేలుడు తప్పుతుంది. మనం వాడే మామూలు పైథాన్ లోపల ఉన్నది ఈ పద్ధతే. సీలో వేగం కోసం కంపైలర్‌కు ‘ఫాస్ట్ మ్యాథ్’ ఐచ్ఛికం ఇచ్చేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి: అది ఈ రక్షణల్ని తీసేసి మళ్లీ మీ నాలుగు పంక్తుల సూత్రం దగ్గరికే తెస్తుంది. సొంతంగా రాయడం నేర్చుకోవడానికి మంచిదే. రాశాక పక్కన పెట్టి లైబ్రరీది వాడండి.

ప్రశ్న: ఒక సంకేతం శక్తి కోసం దాన్ని దానితోనే నంపై ‘డాట్’ చేశాను. ఋణ సంఖ్య వచ్చింది. శక్తి ఋణాత్మకం ఎలా అవుతుంది?

జవాబు: కాదు. ‘డాట్’ జంటలుగా గుణించి కూడుతుంది. 1జెని 1జెతో గుణిస్తే మైనస్ 1 అవుతుంది, ‘డాట్’ చేసింది అదే. శక్తికి కావలసింది సంఖ్యను దాని సంయుగ్మంతో గుణించడం. ‘వీడాట్’ మొదటిదానికి సంయుగ్మం తీసి గుణిస్తుంది, 1 వస్తుంది. మాట్రిక్సు అడ్డం నిలువు మార్చేటప్పుడూ ఇదే పొరపాటు జరుగుతుంది. ఇంజినీర్లు లెక్కలకు వాడే మాట్‌ల్యాబ్‌లో మాట్రిక్సు తర్వాత ఒంటి కొటేషన్ గుర్తు పెడితే సంయుగ్మం కూడా తీస్తుంది, ముందు చుక్క పెడితేనే ఒట్టి తిరగేత. నంపైలో ‘టీ’ ఒట్టి తిరగేతే. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి కోడ్ మార్చేవాళ్లు ఈ గుర్తు దగ్గర పడిపోవడం ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. సంఖ్యలన్నీ వాస్తవమైతే రెండూ ఒకటే కావడంతో పరీక్షల్లో బయటపడదు, అదీ దాని దుర్మార్గం. పరీక్ష డేటాలో కల్పిత భాగం తప్పక ఉంచండి.

ప్రశ్న: సంకీర్ణ సంఖ్యల జాబితాను క్రమంలో పెడితే పైథాన్ టైప్ ఎర్రర్ ఇస్తోంది.

జవాబు: ఇవ్వాలి మరి. 1జె సున్నా కంటే పెద్దదనుకుంటే దాని వర్గమైన మైనస్ 1 కూడా పెద్దది కావాలి. చిన్నదనుకున్నా అదే గతి. పొడవును బట్టా, కోణాన్ని బట్టా, దేన్ని బట్టి క్రమం కావాలో ‘కీ’గా మీరే చెప్పండి. నంపై మాత్రం అడగకుండానే వాస్తవ భాగం, అది సమానమైతే కల్పిత భాగం చూసి పేర్చేస్తుంది.

ప్రశ్న: నా పనిలో అన్నీ వాస్తవ సంఖ్యలే. సంకీర్ణ సంఖ్యల లైబ్రరీ నాకు ఎప్పటికైనా అక్కరకొస్తుందా?

జవాబు: వస్తుంది, ఊహించని చోట. ఏదైనా ఫంక్షన్‌కు ఒక బిందువు దగ్గర వాలు, అంటే అవకలజం కావాలనుకోండి. మామూలుగా ఏం చేస్తాం? ఎక్స్‌ను కొంచెం కదిపి, రెండు విలువల తేడాను ఆ కదలికతో భాగిస్తాం. కదలిక పెద్దదైతే వాలు తప్పు. చిన్నదైతే రెండు దాదాపు సమానమైన సంఖ్యల తీసివేతలో అంకెలు కొట్టుకుపోతాయి. పదికి మైనస్ 8 ప్రాంతంలో రాజీ పడితే ఎనిమిది అంకెలు దక్కుతాయి.

దీన్ని తప్పించే దారి సంకీర్ణ సంఖ్యల్లో ఉందని లైనెస్, మోలర్ 1967లోనే చూపించారు. ఇప్పుడు అందరూ వాడే సులువైన రూపాన్ని 1998లో స్క్వైర్, ట్రాప్ రాశారు. ఎక్స్‌ను వాస్తవ దిశలో కాకుండా కల్పిత దిశలో కదపండి. ఫంక్షన్‌కు ఎక్స్‌తో పాటు పదికి మైనస్ 20 ఘాతం రెట్ల 1జె కలిపి ఇవ్వండి. వచ్చిన జవాబులోని కల్పిత భాగాన్ని ఆ పదికి మైనస్ 20తో భాగించండి. అదే వాలు. తీసివేత ఎక్కడా లేదు, కొట్టుకుపోయే అంకెలూ లేవు. ‘సీమ్యాథ్ సైన్’ ఫంక్షన్‌ను 1 రేడియన్ దగ్గర ఇలా చేసి చూడండి: 0.54030230586814 దాకా 1 కొసైన్‌తో కలుస్తుంది. పాత పద్ధతిలో అంత చిన్న కదలిక ఇస్తే జవాబు సున్నా. ఎందుకంటే 1కి అంత చిన్నది కలిపితే 1 గానే ఉండిపోతుంది.

షరతులు ఉన్నాయి. మీ ఫంక్షన్ లోపల ‘మ్యాథ్’ ఉన్న చోటల్లా ‘సీమ్యాథ్’ ఉండాలి. పెద్దా చిన్నా పోలికలు వాస్తవ భాగం మీదే చేయాలి. సంయుగ్మం ఎక్కడా తీయకూడదు. అన్నిటికంటే ప్రమాదం ‘ఏబీఎస్’. అది సంకీర్ణ సంఖ్యను తీసుకుని వాస్తవ సంఖ్యను తిరిగిస్తుంది, కల్పిత భాగం అక్కడే మాయమై, వాలు సున్నా అని వస్తుంది. ఎర్రర్ ఏమీ రాదు. దాని బదులు మీరే ఒక చిన్న ఫంక్షన్ రాసుకోండి: వాస్తవ భాగం ఋణాత్మకమైతే సంఖ్య మొత్తానికి గుర్తు మార్చాలి, లేకపోతే వచ్చినదాన్ని వచ్చినట్టే పంపాలి.